రెడ్ సోంజా: ఒక్క అక్షరం మారింది.. కొత్త యోధురాలు పుట్టింది! ‘కోనన్’ 23వ సంచిక ఎందుకంత స్పెషల్?

ఎర్రటి జుట్టు, చేతిలో కత్తి, ఎవరికీ తలవంచని తత్వం. రెడ్ సోంజా పేరు చెప్పగానే ఫ్యాంటసీ కామిక్స్ అభిమానులకు గుర్తొచ్చే రూపం ఇదే. సొంతంగా కామిక్స్ సిరీస్‌లు, రెండు సినిమాలు ఉన్న ఈమె మొదటిసారి కనిపించింది మాత్రం వేరే హీరో కథలో. అదే 1973 ఫిబ్రవరి తేదీతో మార్వెల్ తెచ్చిన ‘కోనన్ ది బార్బేరియన్’ 23వ సంచిక. అప్పట్లో కవర్ మీద ధర 20 సెంట్లు. ఇప్పుడు కలెక్టర్లు దీన్ని ‘కీ ఇష్యూ’ అంటారు. అంటే ఒక ముఖ్యమైన పాత్ర తొలిసారి కనిపించిన సంచిక అన్నమాట.

మరి ఈ సోంజాను సృష్టించింది ఎవరు? చాలామంది చెప్పే పేరు రాబర్ట్ ఇ. హోవార్డ్. అది సగమే నిజం.

అసలు సోన్యా వేరు

కోనన్‌ను సృష్టించిన అమెరికన్ రచయిత హోవార్డ్. టెక్సాస్‌కు చెందిన ఈయన 1936లో 30 ఏళ్లకే చనిపోయారు. 1934 జనవరిలో ‘ది మ్యాజిక్ కార్పెట్ మ్యాగజైన్’లో ఆయన రాసిన ‘ది షాడో ఆఫ్ ది వల్చర్’ అనే కథ వచ్చింది. అందులో కోనన్ లేడు, మంత్రాలు లేవు. 1529లో ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ వియన్నా నగరాన్ని ముట్టడించిన చారిత్రక ఘటనే దానికి నేపథ్యం.

ఆ కథలో ‘రెడ్ సోన్యా ఆఫ్ రొగటినో’ అనే యోధురాలు ఉంటుంది. కత్తి తిప్పుతుంది, నడుముకు పిస్తోళ్లు పెట్టుకుంటుంది. సుల్తాన్ భార్య రోక్సెలానాకు ఈమె సోదరి అని హోవార్డ్ కల్పించారు. ఆమె మళ్లీ ఆయన ఏ కథలోనూ కనిపించలేదు.

రాయ్ థామస్ ఏం చేశారు?

1970లో మార్వెల్‌లో కోనన్ కామిక్ మొదలైనప్పటి నుంచి రచయిత రాయ్ థామస్, ఆర్టిస్ట్ బ్యారీ స్మిత్. కోనన్ కథలే కాకుండా హోవార్డ్ రాసిన మిగతా కథలను కూడా థామస్ కోనన్ ప్రపంచానికి తగ్గట్టు మార్చి వాడుకునేవారు. ఇక్కడా అదే చేశారు.

వియన్నా కాస్తా మక్కలెట్ అనే కల్పిత నగరమైంది. ఒట్టోమన్ సైన్యం స్థానంలో తురాన్ సైన్యం వచ్చింది. కోనన్ కథలు జరిగేది తుపాకులే పుట్టని కాలంలో కాబట్టి పిస్తోళ్లు పోయాయి, కత్తి మిగిలింది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ‘వై’ తీసేసి ‘జె’ పెట్టడంతో సోన్యా కాస్తా సోంజా అయింది.

కథ సింపుల్. కోనన్ తల తెమ్మని తురాన్ యువరాజు ‘రాబందు’ అనే పేరున్న సేనాని మిఖాల్ ఓగ్లూను పంపిస్తాడు. కోనన్ ప్రమాదంలో పడిన టైమ్‌లో సోంజా ఎంట్రీ ఇస్తుంది. ఇక్కడ ఆమె హీరో కాపాడాల్సిన అమ్మాయి కాదు, హీరోకే అండగా నిలిచే సైనికురాలు. తర్వాతి 24వ సంచిక ‘ది సాంగ్ ఆఫ్ రెడ్ సోంజా’లో ఆమెది ఇంకా పెద్ద పాత్ర. ఈ సిరీస్‌లో బ్యారీ స్మిత్ చివరి సంచిక కూడా అదే.

ఆ బికినీ ఎక్కడిది?

అసలు ట్విస్ట్ ఇదే. సోంజా అనగానే గుర్తొచ్చే ఇనుప బికినీ 23వ సంచికలో లేనే లేదు. అందులో ఆమె వేసుకున్నది ఇనుప గొలుసుల చొక్కా. హోవార్డ్ కథలోనూ కవచం, వదులు ప్యాంటు, పొడవాటి బూట్లే.

బికినీ రూపం స్పెయిన్ ఆర్టిస్ట్ ఎస్టెబాన్ మరోటోది. ఎవరూ అడగకుండానే ఆయన గీసి పంపిన బొమ్మ అది. 1974లో ‘శావేజ్ స్వోర్డ్ ఆఫ్ కోనన్’ మొదటి సంచికతో అది జనంలోకి వెళ్లి, అలా ఉండిపోయింది.

1975లో ఆమె గతాన్ని చెబుతూ ఒక కథ వచ్చింది. కుటుంబం హత్యకు గురవడం, ఆమెపై అత్యాచారం, ఆ తర్వాత ఒక దేవత శక్తి ఇవ్వడం, తనను యుద్ధంలో ఓడించిన మగవాడికే దక్కాలనే షరతు.. ఇవన్నీ అందులోనివే. దీనిపై విమర్శలు చాలానే వచ్చాయి. 2013లో డైనమైట్ సంస్థ కోసం సోంజా కథలు రాసిన గెయిల్ సిమోన్ ఆ అత్యాచారం భాగాన్ని తీసేసి కొత్త గతాన్ని రాశారు.

ఇప్పుడు ఎందుకు తెలుసుకోవాలి?

1985లో బ్రిజిట్ నీల్సన్, 2025లో మటిల్డా లట్జ్ సోంజాగా సినిమాలు వచ్చాయి. 1985 సినిమాలో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ కూడా ఉన్నా, ఆ పాత్ర పేరు కోనన్ కాదు.. కాలిడోర్! ఇక కామిక్స్‌లో 2005 నుంచి సోంజాను తెస్తున్నది డైనమైట్. కోనన్ మాత్రం డార్క్ హార్స్, మార్వెల్, టైటన్ సంస్థల చేతులు మారాడు. ఒకే సంచికలో కలిసిన ఈ ఇద్దరి దారులు అలా వేరయ్యాయి.

కాబట్టి రెడ్ సోంజాకు ఒక్కరే సృష్టికర్త అంటే కుదరదు. పేరు, పౌరుషం హోవార్డ్‌వి. కోనన్ లోకంలోకి తెచ్చింది థామస్, తొలి రూపం ఇచ్చింది స్మిత్. జనం గుర్తుపెట్టుకున్న దుస్తులు మరోటోవి. ఆమె గతాన్ని మార్చి రాసింది సిమోన్. అందుకే బికినీని చూసి సోంజా అంటే ఇంతే అనుకునేవాళ్లు ఓసారి 23వ సంచిక తిరగేయాలి. అందులో ఆమె తన బలంతోనే కథలోకి వచ్చింది.