పొయ్యి దేవత – జాతక చక్రం

కొత్త ఇంట్లో అడుగు పెట్టిన రోజు మనం ముందుగా పొయ్యి వెలిగించి పాలు పొంగిస్తాం. తిండికి కరువొచ్చిన ఇంటిని "పొయ్యిలో పిల్లి లేవలేదు" అంటాం. పొయ్యి ఇంటికి ప్రాణమన్న ఈ భావన ప్రాచీన గ్రీకులకు కూడా ఉండేది. వారి పొయ్యి దేవత పేరు హెస్టియా. ఆమె యుద్ధాలు చేయలేదు, పెళ్ళి చేసుకోలేదు. పొయ్యి దగ్గరే ఉండిపోయింది. అయినా నైవేద్యంలో మొదటి భాగం ఆమెదే.

గ్రీకు పట్టణానికి కూడా ఒక ఉమ్మడి పొయ్యి ఉండేది. దాని దగ్గర అతిథులకు పట్టణం ఖర్చుతో భోజనం పెట్టేవారు. దూరదేశంలో కొత్త ఊరు కట్టుకోబోయేవారు ఆ నిప్పునే వెంట తీసుకెళ్ళేవారు. రోమన్లు ఇలాంటి దేవతనే వెస్టా పేరుతో పూజించారు.

ఈ దేవత జ్యోతిషంలోకి వచ్చిన తీరు తెలుసుకోదగినది. 1807 మార్చి 29న జర్మన్ శాస్త్రవేత్త ఓల్బర్స్ కుజ, గురు గ్రహాల మధ్య తిరిగే ఒక గ్రహశకలాన్ని కనుగొన్నాడు. దానికి వెస్టా అని పేరు పెట్టినవాడు గణితవేత్త గౌస్. 1970ల నుండి కొందరు పాశ్చాత్య జ్యోతిష్కులు దానిని జాతక చక్రంలో చేర్చి ఇల్లు, నిష్ఠ, బ్రహ్మచర్యం గురించి ఫలితాలు చెప్పసాగారు. గౌస్ వేరే పేరు పెట్టి ఉంటే ఆ ఫలితాలు కూడా మారిపోయేవి కదా! అంటే ఫలితం ఆకాశంలో లేదు, మనిషి పెట్టిన పేరులో ఉంది. 2011 జూలై నుండి 2012 సెప్టెంబరు వరకు నాసా వారి డాన్ నౌక వెస్టా చుట్టూ తిరిగింది. అక్కడ కనిపించింది సుమారు 525 కిలోమీటర్ల వెడల్పుతో, గుంటలు పడిన రాతి ముద్ద.

మన నవగ్రహాల్లో వెస్టా లేదు. కాని ప్రశ్న మనకూ వర్తిస్తుంది. ఉగాది నాడు భద్రాచలంలో పంచాంగ శ్రవణం వింటాం. అందులో తిథులు, గ్రహణాలు లెక్క ప్రకారం వస్తాయి. అది గణితం. కాని "ఈ పిల్లకు చదువు అచ్చిరాదు, పెళ్ళి చేసేయండి" అనడం గణితం కాదు. తునికాకు కోసి కూడబెట్టిన డబ్బు శాంతి పూజలకు పోతే నష్టపోయేది ఆ పిల్లే.

చదువు యోగం జాతకంలో కనిపిస్తుందా? ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ బృందం 2008లో మహారాష్ట్రలో దీన్ని పరీక్షించింది. చదువులో చురుకైన పిల్లలవి 100, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి 100 జాతకాలు సేకరించింది. ఏ జాతకం ఎవరిదో చెప్పమని ఒక్కో జ్యోతిష్కునికి 40 చొప్పున ఇచ్చింది. జవాబులు పంపిన 27 మందికి సగటున సగం కూడా సరిపోలేదు. నాణెం ఎగరేసి చెప్పినా అంతే వచ్చేది!

శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుని విధి అని 1976 సవరణతో మన రాజ్యాంగంలోని 51–ఏ అధికరణంలో చేరింది. అంటే ఇంట్లో పెద్దలతో గొడవపడమని కాదు. "అమ్మా, ఇది ఎవరు లెక్కగట్టారు? ఎలా తేలింది?" అని మర్యాదగా అడగమని. సెలవులకు ఇంటికెళ్ళిన చెల్లెలు తిరిగి రాకపోతే వార్డెన్ గారికి వెంటనే చెప్పమని.

మిత్రులారా! మన హాస్టల్ వంటశాల కూడా ఒక ఉమ్మడి పొయ్యే. ఏ రాశి, ఏ నక్షత్రం అని అడగకుండా వంటవారు, కామాటి మనందరికీ ఒకే గుండిగలోంచి వడ్డిస్తారు. ఇక్కడ తిని చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులను ముందుకు నడిపింది ఆ అన్నం, ఈ చదువు. అన్నలారా, అక్కలారా! ఈ నిప్పులో ఒక కొరివి మీ ఊళ్ళకు తీసుకెళ్ళండి. మీ ఊరి నుండి మరొక పిల్లను ఇక్కడికి పంపండి.