ఓడ బద్దలైతే సరుకెవరిది?

తెలుగు నేలను ఏలినవారిలో ఎవరు గొప్ప అనగానే చాలామంది నోట ముందు వచ్చే పేరు శ్రీకృష్ణదేవరాయలు. కాకతి గణపతిదేవుణ్ని గుర్తుచేయాల్సి వస్తుంది. ఈ వారం ముఖచిత్ర కథనం కోసం ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే, యుద్ధాలకన్నా గుడులకన్నా ఆలోచింపజేసింది బాపట్ల జిల్లా మోటుపల్లిలో వీరభద్రస్వామి గుడి దగ్గరి శాసన స్తంభం. 1244లో గణపతిదేవుడు వేయించిన అభయశాసనం అది. పాత రాజుల ఆనవాయితీని అది దాచకుండా చెబుతుంది: గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వాళ్లు బలవంతంగా లాక్కునేవారు. గణపతిదేవుడు ఆ హక్కు వదులుకున్నాడు. సముద్రం దాటే సాహసం చేసినవాళ్లకు ధనం ప్రాణంకన్నా మిన్న అని గుర్తించి, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని రాయించాడు. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకం ముప్పైకి ఒకటి. మంచిగంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పట్టు, పగడం, మిరియాలు, వక్కలు, ఇలా సరుకుల పేర్లు పెట్టి మరీ రేట్లు చెక్కించాడు. ఇక్కడే ఈ రాజు నాకు చాలా పెద్దగా కనిపిస్తాడు. దయగల రాజులకు మన చరిత్రలో కొదవలేదు. తన చేతులు తానే కట్టుకుని, ఆ కట్టు ఎంత బిగువో రేవులో అందరికీ కనబడేలా రాతిలో పెట్టించినవాడు అరుదు. సుంకరి ఎక్కువ అడిగితే బేరగాడు ఆ రాయి చూపించవచ్చు.

రాయలకు రేవుల విలువ తెలియదని కాదు. ఆముక్తమాల్యదలో యామునాచార్యుడు కొడుక్కి చెప్పే రాజనీతిలో ఈ సంగతే ఉంది: రేవులు బాగుచేసి వర్తకం పెంచాలి, తుఫానుకో జబ్బుకో అలసటకో ఒడ్డెక్కిన పరదేశీయులను ఆదరించాలి, దూరదేశాల బేరగాళ్లు తెచ్చే ఏనుగులు, గుర్రాలు శత్రువు చేతిలో పడకుండా వాళ్లను దగ్గరకు తీయాలి. 1509లో గద్దెనెక్కి 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు, 1520లో రాయచూరు గెలిచిన రాజుకు గుర్రమే ప్రాణం. విజయనగర రాజు ఏటా 13,000 హొర్ముజ్ గుర్రాలు కొంటాడని రాయల తర్వాత కొద్దికాలానికే పోర్చుగీసు నూనిజ్ రాశాడు. అయితే కావ్యంలోని ఆదరణ రాజుకు చెప్పిన హితవు. పాటించడం ఆయన ఇష్టం. మోటుపల్లి మాట బేరగాడి చేతికి ఇచ్చిన హామీ.

గణపతిదేవుడిదీ ఖజానా లెక్కే కదా అనవచ్చు. నిజమే, ఓడలొస్తేనే సుంకం. కానీ చేతికందిన సొత్తు వదిలి రేపటి రాబడి కోసం ఆగడం ఏ పాలకుడికీ అంత తేలిక కాదు. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే రేవులో మళ్లీ అభయమివ్వాల్సి వచ్చిందంటే పాత హామీ నిలవనట్టే కదా అనీ అడగవచ్చు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఏ కాకతీయ హామీ నిలుస్తుంది? ఓడలు కావాలనుకున్న కొత్త వంశం పట్టుకున్నది ఆ పాత పద్ధతినే. దాన్నే నేను వారసత్వం అంటాను. తెలుగు సాహిత్యంలో రాయలు వేసిన ముద్రకు గణపతిదేవుడు సాటిరాడు, ఆ మేరకు జనం జ్ఞాపకం సరైనదే. పాలన దగ్గర మాత్రం ఆ పేర్ల వరస మారాలి.

తర్వాత ఎవరు?
గణపతిదేవుడు (1199–1262) రాజ్యాన్ని కూతురు రుద్రమదేవికి అప్పగించాడు. మార్కో పోలో ఆ రాజ్యాన్ని మోటుపల్లి పేరుతోనే పిలిచి, రాణి న్యాయబుద్ధిని మెచ్చుకున్నాడు. ఆమెను రాజుగారి భార్యగా మాత్రం పొరబడ్డాడు. రాయల కొడుకు తిరుమల చిన్నతనంలోనే చనిపోయాడు. 1529లో తమ్ముడు అచ్యుతరాయలు గద్దెనెక్కాడు.