ఏడిళ్ళ అన్నం

ఊరి బడి చదువు ముగించుకొని పై చదువు కోసం పట్టణం చేరిన పేద పిల్లవాడికి తలదాచుకోవడానికి ఏ సత్రపు అరుగో దొరికినా రెండు పూటలా అన్నం దొరకడం కష్టమైన కాలంలో, అంటే పందొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాల్లోనూ ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలోనూ, తెలుగు నేల మీద ఎందరి చదువులనో నిలబెట్టిన ఏర్పాటు ‘వారాలు’. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరొక ఇంట, ఇలా ఏడు రోజులకు ఏడిళ్ళు కుదుర్చుకొని భోజనం చేస్తూ చదువుకునే విద్యార్థిని వారాలబ్బాయి అనేవారు. దీనికంటే పాతదైన మధూకరంలో విద్యార్థి జోలె పట్టుకొని ఇంటింటికీ తిరిగి తలా పిడికెడు అన్నం తెచ్చుకునేవాడు. తేనెటీగ ఏ పువ్వునూ నొప్పించకుండా పువ్వుపువ్వుకూ కాస్తంత తేనె తీసుకున్నట్టు, ఏ ఇంటికీ భారం కాకుండా తన ఆకలి తీర్చుకుంటాడు గనుక దానికి ఆ పేరు వచ్చింది. ఆంధ్ర రాష్ట్రానికి 1953లో తొలి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం, చిన్నతనంలో తండ్రి పోయిన తరువాత, ఒంగోలులో పూటకూళ్ళు నడిపి తల్లి తెచ్చే సంపాదన ఇల్లు గడవడానికి చాలక, వారాలు చేసుకొని చదువుకున్నవాడే.

ఈ ఏర్పాటులో అన్నం పెట్టిన ఇళ్ళు చాలావరకు కలిగినవారివి కావు. గుమాస్తాలు, బడిపంతుళ్ళు, చిన్న ప్లీడర్లు, కొద్దిపాటి మాన్యం మీద బతికే పురోహితులు తమ పిల్లలకే ఆచితూచి వడ్డించుకునే రోజుల్లో, పరాయి బిడ్డను ఏడాది పొడుగునా పోషించమంటే వారిలో ఒక్కరూ ముందుకు రాగలిగేవారు కారు. కానీ వారానికొక రోజు పీట పక్కన మరొక పీట వేయడం, ఎసట్లో ఇంకొక గుప్పెడు బియ్యం పోయడం ఆ ఇళ్ళకు సాధ్యమే. ఒక్కొక్క ఇల్లు ఏడాదికి ఇచ్చింది 52 రోజుల భోజనం. ఆ ఏడిళ్ళ భోజనాలు కలిసి ఒక విద్యార్థికి ఏడాది గ్రాసమయింది. పూజా సంకల్పాల్లో వినిపించే ‘యథాశక్తి’ అన్న మాటకు, అంటే ఎవరి శక్తి కొద్దీ వారు అన్న మాటకు, ఇంతకంటే స్పష్టమైన ఆచరణ దొరకదు. తోచినప్పుడు తోచినంత ఇచ్చి ఊరుకోవడానికి ఆ మాటను అనుమతిగా తీసుకోవడం పరిపాటి అయింది గానీ, గురువారం ఇల్లాలు మరచిపోతే గురువారమంతా పిల్లవాడు పస్తుండవలసిందే గనుక, శక్తికి లోబడి పెట్టే కొంచెం విలువంతా వంతు తప్పకపోవడంలోనే ఉందని వారాల ఇళ్ళకు తెలుసు.

అయితే ఈ ఏర్పాటును ఆదర్శంగా చెప్పుకొనేటప్పుడు దాని లోపాన్ని దాచడం న్యాయం కాదు. వారాలు ప్రధానంగా బ్రాహ్మణ కుటుంబాల మధ్య, కులపు కట్టుబాట్ల లోపల నడిచాయి. అదే పట్టణంలో చదువుకోవాలనుకున్న మాల, మాదిగ పిల్లవాడికి ఏ వీధిలోనూ వారం కుదరలేదు, ఏ కులపు ఆడపిల్లకూ ఆ ఊసే లేదు. అన్నం తిన్న పిల్లల్లోనూ కొందరు ఆ ఇంటి పనులన్నీ చేసి, అందరూ తిన్నాక చివరి బంతిలో తలవంచుకొని తిన్నారు. హైదరాబాదులో 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, దళితుల పిల్లల కోసం పాఠశాలలు నడిపిన భాగ్యరెడ్డి వర్మ వంటివారి కృషి, ఆ తరువాత కాలంలో ప్రభుత్వ సంక్షేమ వసతి గృహాలు పూడ్చవలసి వచ్చింది ఈ ఖాళీనే. ఇచ్చేవారి దయ తమకు తెలిసిన గడపల దాకానే ప్రవహిస్తుందన్నది ఇక్కడ బయటపడే సత్యం. నేటి దాతలు కూడా తమ కులం, తమ ఊరు, తమ బడి అన్న వలయాలు దాటి చూసుకోవలసిన అవసరం తీరిపోలేదు.

శక్తి అన్నదాన్ని ఎలా కొలవాలి అన్న ప్రశ్నకు ఇస్లాం ధర్మశాస్త్రం అంకెల్లో జవాబు చెప్పింది. ముస్లింలు ఏటా చెల్లించవలసిన జకాత్ సంపదలో నలభయ్యో వంతు, అంటే నూటికి రెండున్నర. ఆ బాధ్యత అందరి మీదా పడదు. దానికి ‘నిసాబ్’ అనే గడప ఉంది: ఇల్లు గడవడానికి అవసరమైనవీ, తీర్చవలసిన బాకీలూ పోగా, సుమారు ఏడున్నర తులాల బంగారానికి గానీ యాభై రెండున్నర తులాల వెండికి గానీ సమానమైన సొమ్ము చాంద్రమానపు ఏడాది పాటు చేతిలో నిలిచినవారే ఇవ్వాలి, అంతకంటే తక్కువ ఉన్నవారు పుచ్చుకోవడానికి అర్హులు కావచ్చు. అప్పు తీర్చిన తరువాతే దానం అన్న ఈ నియమం మతంతో నిమిత్తం లేకుండా ఏ కుటుంబానికైనా పనికివచ్చేది. పిల్లల ఫీజు బాకీ పెట్టి, వడ్డీకి తెచ్చి ఊరి ఉత్సవంలో పేరు చదివించుకోవడానికి చందా రాసేవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆ చందా భారం చివరికి వారి ఇంటి ఆడవారి మీదా పిల్లల మీదా పడుతుంది గనుక దాన్ని దానం అనడానికి నోరు రాదు.

కొలతకు లొంగని త్యాగమూర్తులు లేకపోలేదు. మండపేటలో 1841లో పుట్టి, గోదావరి పాయల మధ్యనున్న లంకల గన్నవరంలో డొక్కా జోగన్న ఇల్లాలై, ఏరు దాటడానికి వచ్చిపోయే బాటసారులకు వేళాపాళా చూడకుండా వండి వడ్డించి 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మను తెలుగువారు అన్నపూర్ణగా కొలుస్తారు. వైనతేయ పాయ మీది అక్విడక్టుకూ, 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోని మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే. అటువంటి జీవితం పట్ల కలిగే గౌరవం ఎంత గొప్పదైనా, దాన్ని కొలబద్దగా పెట్టుకొన్న సామాన్య గృహస్థు తన వల్ల అయ్యే చిన్న పనిని కూడా చేయకుండా చేతులు ముడుచుకొనే ప్రమాదం ఉంది. సీతమ్మ వెనుక సేద్యపు భూమి ఉంది. నెలజీతం మీద బతికే ఇంటికి నమూనా కావలసింది వారాల ఇల్లే.

నేటి దానాల తీరు చూస్తే అవి తిథుల చుట్టూ గుమికూడతాయని అర్థమవుతుంది. పుట్టినరోజులు, వర్ధంతులు, పండుగలు వచ్చినప్పుడు అనాథాశ్రమాల్లో ఒకే పూటకు ఇద్దరు ముగ్గురు దాతలు మిఠాయిలతో ఎదురుపడతారు. పరీక్ష ఫీజు కట్టవలసిన నెలలోనో, జ్వరాలు ముసిరే వానాకాలంలోనో మాత్రం నిర్వాహకులు ఒంటరిగా మిగిలిపోతారు. ఏడాదికొకసారి ఆరు వేలు ఇచ్చే దాత, అదే సొమ్మును నెలకు ఐదువందల చొప్పున తప్పకుండా పంపితే తనపై బరువు పెరగదు, పుచ్చుకొనే సంస్థ మాత్రం వచ్చే నెల ఖర్చుకు ధైర్యంగా మాట ఇవ్వగలుగుతుంది. ఇచ్చే ముందు సంస్థ రిజిస్ట్రేషను, ఆడిట్ అయిన లెక్కలు అడగడం అనుమానపడటంగా ఎవరూ భావించనక్కరలేదు. సవ్యంగా నడిచే సంస్థలు వాటిని సంతోషంగానే చూపిస్తాయి. 80జి సెక్షనుగా ప్రసిద్ధమైన నిబంధన కింద, ఆమోదం పొందిన సంస్థలకిచ్చిన విరాళంలో సంస్థను బట్టి సగమో మొత్తమో పన్ను లెక్కించే ఆదాయం నుంచి మినహాయింపు పొందడానికి వీలుంది. రెండు వేలు దాటిన నగదు విరాళానికి ఆ వీలు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకొన్నవారికి ఈ మినహాయింపు వర్తించదు.

సొమ్ము బొత్తిగా లేనివారు ఇవ్వగలిగిన దానాల్లో అంతగా ప్రచారం లేనిది, చూపులేని విద్యార్థులకు పరీక్షలో చేయి అరువివ్వడం. విద్యార్థి చెప్పిన జవాబును అతని బదులు కాగితం మీద పెట్టే వ్యక్తిని పరీక్షల భాషలో స్క్రైబ్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2018లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం, విద్యార్థి తానే స్క్రైబును తెచ్చుకొనేటప్పుడు ఆ వ్యక్తి చదువు విద్యార్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువగా ఉండవలసి ఉండేది. పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇస్తారు. చదువు మెట్టు లెక్కన చూస్తే, అప్పట్లో పదో తరగతి పరీక్షకు తొమ్మిదో తరగతి పిల్లవాడు సాయపడగలిగేవాడు. ప్రశ్నను తొందరపడకుండా చదివి వినిపించడం, చెప్పింది చెప్పినట్టు రాయడం, తనకు తెలిసిన జవాబైనా సొంతంగా ఒక మాట చేర్చకపోవడం, ఇవీ స్క్రైబు విధులు. ఒప్పుకొన్నవాడు పరీక్ష ఉదయాన ‘వేరే పని పడింది’ అని ఫోన్ చేస్తే చూపులేని ఆ విద్యార్థికి ఏడాది చదువు వృథా అయ్యే పరిస్థితి వస్తుంది గనుక, ఎంత మంచి మనసున్నా రాగలనన్న నమ్మకం లేనివారు మాట ఇవ్వకపోవడమే మేలు.

వారాల లెక్క ఇప్పుడు అక్షరాలా వర్తించేది రక్తదానంలో. థలసీమియా అనే వంశపారంపర్య వ్యాధి తీవ్రరూపంలో ఉన్న పిల్లల శరీరం సరిపడా హిమోగ్లోబిన్ను తయారుచేసుకోలేదు. వారికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకొకసారి జీవితాంతం రక్తం ఎక్కించవలసి వస్తుంది. ఇటువంటి పిల్లల కోసం హైదరాబాదులో 1998లో థలసీమియా, సికిల్ సెల్ సొసైటీ ఏర్పడింది. సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి డబ్బుకు రక్తం అమ్ముకొనే పద్ధతి దేశంలో నిషిద్ధమైనందున, ఈ పిల్లల ప్రాణం పూర్తిగా ఉచితంగా ఇచ్చేవారి చేతుల్లో ఉంది. 18 నుంచి 65 ఏళ్ళ మధ్య వయసుండి, 45 కిలోలకు తగ్గని బరువూ, డెసిలీటరుకు 12.5 గ్రాములకు తగ్గని హిమోగ్లోబినూ ఉన్న ఆరోగ్యవంతులు 350 మిల్లీలీటర్ల రక్తం, అంటే ఒక యూనిట్, ఇవ్వవచ్చు. మగవారు ఒకసారి ఇచ్చాక 90 రోజులు, ఆడవారు 120 రోజులు ఆగాలి. దాత శక్తికి మించి తీసుకోకుండా వైద్యశాస్త్రం గీసిన హద్దు ఇది. ఈ దానంలో యథాశక్తి ఎంతో యంత్రమే తూచి చెబుతుంది.

సేకరించిన ఎర్ర రక్తకణాలు శీతలీకరణలో ఉంచినా ఆరు వారాలకు మించి నిలవవు గనుక, ప్రముఖుల పుట్టినరోజున వందలమంది వరుసకట్టి ఇచ్చిన రక్తం పరీక్షల నాళ్ళలోనూ ఎండాకాలపు సెలవుల్లోనూ ఏర్పడే కొరతను తీర్చలేదు. మూడు వారాలకొకసారి ఒక్కొక్క యూనిట్ చొప్పున ఎక్కించుకొనే పిల్లవాడికి ఏడాదికి 17 యూనిట్లు కావాలి. మగ దాత ఒకరు ఏడాదికి నాలుగుసార్లకు మించి ఇవ్వలేడు. నలుగురు ఒక్క వంతూ తప్పకుండా ఇచ్చినా 16 యూనిట్లే అవుతాయి. ఐదో మనిషి కావాలి. ఆ వంతు తీసుకోదలచిన పాఠకులు దగ్గరలోని రక్తనిధిలో పేరు నమోదు చేయించుకొని, తిరిగి ఎప్పుడు రావాలో ఆ తేదీని ఇంటి క్యాలెండరు మీద రాసుకోవాలి.