గుట్ట మీద బొమ్మలు

బొమ్మలు వేయడమంటే డ్రాయింగు పీరియడులో మార్కుల కోసం చేసే పని అని మనలో చాలామంది అనుకుంటారు. కానీ మనసులోని బాధ తగ్గడానికి కూడా బొమ్మలు వేయిస్తారు. దీన్నే ఆర్ట్ థెరపీ అంటారు. తెలుగులో చిత్రకళా చికిత్స అనవచ్చు. దీనిని గదిలో కాకుండా ఆరుబయట, చెట్ల కింద చేసే పద్ధతి కూడా ఉంది.

ఈ పేరు పెట్టినవాడు ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లండు చిత్రకారుడు. 1938లో ఆయన క్షయ వచ్చి శానటోరియంలో చేరాడు. ఆ రోజుల్లో క్షయకు సరైన మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండి ఇవే మందులు. మన అనంతగిరిలోనూ, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలోనూ క్షయ ఆసుపత్రులను ఊరికి దూరంగా చెట్ల మధ్య కట్టింది అందుకే. మంచం మీద ఊరికే పడి ఉండలేక హిల్ బొమ్మలు వేసుకున్నాడు. తర్వాత తోటి రోగుల చేత కూడా వేయించాడు. 1942లో ఆ పనికి ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టాడు.

చెట్టును చూస్తే నిజంగా మేలు జరుగుతుందా? రోజర్ అల్‌రిచ్ అనే శాస్త్రవేత్త అమెరికాలో ఒక ఆసుపత్రి రికార్డులు పరిశీలించి 1984లో ఫలితం ప్రకటించాడు. పిత్తాశయం ఆపరేషన్ అయిన వారిలో 23 మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, 23 మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు చూసినవారు కొంచెం ముందుగా ఇంటికి వెళ్లారు. గట్టి నొప్పి మందులు కూడా వారికి తక్కువే పట్టాయి.

ఆరుబయట ఈ పనికి రంగులు కూడా అక్కర్లేదు. ముందు కాసేపు మాట్లాడకుండా నడవాలి. నచ్చినచోట కూర్చోవాలి. రాలిన ఆకులు, పుల్లలు, గులకరాళ్లు, ఎర్రమన్ను ఏరుకుని నేల మీదే ఏదో ఒకటి పేర్చాలి. పచ్చని కొమ్మ విరవకూడదు. తర్వాత ఇష్టమైతే దాని గురించి చెప్పాలి, లేకపోతే లేదు. చివరికి దాన్ని అక్కడే వదిలి రావాలి. బతుకమ్మను పేర్చి చెరువులో వదిలే మనకు ఇది కొత్తేమీ కాదు.

మన గాజులరామారంలో ఇందుకు చోటుకు కొదవ లేదు. అర్బన్ ఫారెస్టు పార్కు ఉంది. ఈ ప్రాంతపు గ్రానైటు గుట్టల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. అంత పాత బండలను పగలగొట్టి కంకర చేస్తున్నాం కాబట్టి, ఉన్నన్నాళ్లయినా వాటి నీడన కూర్చోవడం మంచిది.

ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి ఇలాగే చేయించాను. మొదట్లోనే ఒక తప్పు చేశాను. ఒకడు నెమలిని పేరిస్తే "చాలా బాగుందిరా" అన్నాను. ఇంకేముంది, పది నిమిషాల్లో అందరూ నెమళ్లే! మెచ్చుకోవడం కూడా మార్కులు వేయడమేనని అప్పుడు అర్థమైంది. ఆరో తరగతి పిల్లాడు ఒక్కడు మాత్రం రాళ్లను వరసగా పెట్టుకుంటూ పోయాడు. చేరి నెల దాటినా ఎవరితోనూ మాట్లాడనివాడు. "ఇదేంట్రా?" అని మాత్రమే అడిగాను. "మా ఊరి చెరువు కట్ట సార్. అమ్మానాన్న ఇటుక బట్టీకి పోయేటప్పుడు ఇక్కడిదాకా వచ్చిన" అన్నాడు. ఆ సాయంత్రం వాళ్ల తాత దగ్గరున్న ఫోనుకు కలిపి మాట్లాడించాం.

దీన్ని నేను చికిత్స అనను. చికిత్స చేయడానికి శిక్షణ కావాలి. ఆరుబయట ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గదికైతే తలుపు ఉంటుంది, ఇక్కడ దారిన పోయేవాళ్లు వింటారు. అందుకే పిల్లలు చెప్పుకునేటప్పుడు కాస్త ఎడంగా కూర్చోబెట్టాలి, విన్నది హాస్టల్లో చాటకూడదు. నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, చచ్చిపోవాలనిపించినా బొమ్మలతో సరిపెట్టుకోవద్దు తమ్ముళ్లూ. వెంటనే వార్డెన్‌కు చెప్పండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. పగలైనా రాత్రయినా చేయవచ్చు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.