మైటోకాండ్రియా

మైటోకాండ్రియా (ఏకవచనం: మైటోకాండ్రియన్) నిజకేంద్రక జీవుల కణద్రవ్యంలో ఉండే, రెండు త్వచాలు గల సూక్ష్మ కణాంగాలు. ఆహారంలోని శక్తిని కణం వాడుకోగల ఏటీపీ అనే రసాయన రూపంలోకి మార్చడం వీటి ముఖ్యమైన పని. అందువలన వీటిని కణ శక్త్యాగారాలు అని వ్యవహరిస్తారు.

మైటోకాండ్రియా ఒకప్పుడు స్వతంత్రంగా జీవించిన బాక్టీరియా సంతతికి చెందినవని నేడు జీవశాస్త్రవేత్తలు అంగీకరిస్తున్నారు. వీటికి రెండు త్వచాలు ఎందుకు ఉన్నాయి, కేంద్రకంలో డీఎన్ఏ ఉండగా వీటికి వేరొక డీఎన్ఏ ఎందుకు, బాక్టీరియాను చంపే కొన్ని మందులు మనిషి వినికిడిని ఎందుకు దెబ్బతీస్తాయి, కొన్ని వ్యాధులు తల్లి నుండి మాత్రమే ఎందుకు సంక్రమిస్తాయి అనే ప్రశ్నలు కణశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, శరీరధర్మశాస్త్రం వంటి వేరువేరు పాఠాలలో కనిపిస్తాయి. వీటన్నింటి సమాధానాలకు మూలం ఈ బాక్టీరియా వారసత్వమే.

పేరు, పరిశోధన చరిత్ర

గ్రీకు భాషలో 'మైటోస్' అనగా దారం, 'కాండ్రియాన్' అనగా చిన్న రేణువు. సూక్ష్మదర్శినిలో ఇవి కొన్నిసార్లు దారాల వలె, కొన్నిసార్లు రేణువుల వలె కనబడటం వలన జర్మను శాస్త్రవేత్త కార్ల్ బెండా 1898లో ఈ పేరు పెట్టాడు. అంతకు ముందు 1890లో రిచర్డ్ ఆల్ట్‌మన్ వీటిని 'బయోబ్లాస్టులు' అని పిలిచి, ఇవి కణంలో నివసించే ప్రాథమిక జీవులని ప్రతిపాదించాడు. ఆనాడు ఆ ప్రతిపాదనకు ఆదరణ లభించలేదు.

ఏటీపీ అణువును 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు వేరువేరుగా కనుగొన్నారు. సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించాడు. కండరాలలో శక్తిని నిలువచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను కూడా ఫిస్కే, సుబ్బారావులు 1927లో గుర్తించారు. ఆక్సిజన్‌ను వాడుకొని ఏటీపీని తయారుచేసే చర్యలు మైటోకాండ్రియాలోనే జరుగుతాయని 1940వ దశకం చివర యూజీన్ కెనెడీ, ఆల్బర్ట్ లెనింజర్ నిరూపించారు. 1950వ దశకం తొలి సంవత్సరాలలో జార్జి పలాడే, ఫ్రిట్యోఫ్ స్యోస్ట్రాండ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో వీటి అంతర్నిర్మాణాన్ని స్పష్టంగా చూపించారు.

నిర్మాణం

మైటోకాండ్రియన్ వ్యాసం సాధారణంగా 0.5 నుండి 1 మైక్రోమీటరు వరకు ఉంటుంది. ఇది చాలా బాక్టీరియాల వ్యాసంతో సమానం. పొడవు కొన్ని మైక్రోమీటర్లు ఉండవచ్చు. పాఠ్యపుస్తకాల బొమ్మలలో ఇవి విడివిడి గింజల వలె కనిపించినా, సజీవ కణంలో నిరంతరం ఒకదానితో ఒకటి కలుస్తూ, విడిపోతూ ఉంటాయి.

వెలుపలి త్వచం నునుపుగా ఉంటుంది. దీనిలోని పోరిన్లు అనే ప్రోటీన్ల రంధ్రాల ద్వారా చిన్న అణువులు సులభంగా రాకపోకలు సాగిస్తాయి. లోపలి త్వచం అనేక ముడుతలుగా లోపలికి చొచ్చుకొని ఉంటుంది. ఈ ముడుతలను క్రిస్టే అంటారు. వీటి వలన త్వచ వైశాల్యం ఎంతో పెరుగుతుంది. ప్రోటాన్లు కూడా ఈ త్వచం గుండా తమంతట తాము దాటలేవు. లోపలి త్వచం చుట్టి ఉంచిన భాగాన్ని మాతృక అంటారు. మాతృకలో ఎంజైములు, డీఎన్ఏ, రైబోసోములు ఉంటాయి.

శక్తి ఉత్పత్తి

గ్లూకోజు విచ్ఛిన్నంలో మొదటి దశ అయిన గ్లైకాలసిస్ మైటోకాండ్రియా వెలుపల, కణద్రవ్యంలో జరుగుతుంది. దాని వలన ఏర్పడిన పైరువేట్ మాతృకలోనికి ప్రవేశించి, ఎసిటైల్ కో-ఎంజైమ్ ఎ గా మారి, క్రెబ్స్ వలయంలో పూర్తిగా విచ్ఛిన్నమై కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. ఈ చర్యలలో విడివడిన ఎలక్ట్రాన్లు లోపలి త్వచంలోని ఎలక్ట్రాన్ రవాణా వ్యవస్థ గుండా ప్రయాణించి, చివరకు ఆక్సిజన్‌ను చేరగా నీరు ఏర్పడుతుంది. మనిషి పీల్చే ఆక్సిజన్‌లో అధిక భాగం ఇక్కడే ఖర్చవుతుంది.

ఎలక్ట్రాన్లు ప్రయాణించేటప్పుడు వెలువడే శక్తితో ప్రోటాన్లు మాతృక నుండి రెండు త్వచాల మధ్యనున్న ప్రదేశంలోనికి నెట్టబడతాయి. ఆనకట్ట వెనుక నిలిచిన నీరు టర్బైన్ గుండా దిగినట్లు, ఈ ప్రోటాన్లు ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము గుండా మాతృకలోనికి తిరిగివస్తాయి. అప్పుడు ఆ ఎంజైములోని ఒక భాగం నిజంగానే గిరగిర తిరుగుతూ ఏటీపీని తయారుచేస్తుంది. ఈ రసాయన పరాసరణ సిద్ధాంతాన్ని 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదించాడు. చాలాకాలం వ్యతిరేకతను ఎదుర్కొన్న ఈ సిద్ధాంతానికి 1978లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఏటీపీ సింథేజ్ పనిచేసే తీరును వివరించినందుకు పాల్ బోయర్, జాన్ వాకర్ 1997 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం పొందారు.

ఒక గ్లూకోజు అణువు నుండి 36 లేదా 38 ఏటీపీలు వస్తాయని పాత పుస్తకాలలో కనబడుతుంది. కొంత ప్రోటాన్ ప్రవణత అణువుల రవాణాకు ఖర్చవుతుంది. కొన్ని ప్రోటాన్లు ఏటీపీ తయారుకాకుండానే తిరిగి లోపలికి కారిపోతాయి. వీటిని లెక్కలోనికి తీసుకొని నేడు సుమారు 30 నుండి 32 ఏటీపీలుగా పరిగణిస్తున్నారు. ఆక్సిజన్ లేకుండా గ్లైకాలసిస్ ద్వారా మిగిలేవి 2 ఏటీపీలు మాత్రమే.

సయనైడు ఎలక్ట్రాన్ రవాణా వ్యవస్థలోని చివరి ఎంజైమును స్తంభింపజేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ ఉన్నప్పటికీ కణాలు దానిని వాడుకోలేవు. అందువలననే సయనైడు అంత త్వరగా ప్రాణం తీస్తుంది.

పుట్టుక: అంతఃసహజీవన సిద్ధాంతం

హరితరేణువులు ఒకప్పటి స్వతంత్ర సూక్ష్మజీవులని రష్యా శాస్త్రవేత్త కాన్‌స్టాంటిన్ మెరెష్కోవ్‌స్కీ 1905లో ప్రతిపాదించాడు. 1920వ దశకంలో అమెరికాకు చెందిన ఐవాన్ వాలిన్ మైటోకాండ్రియా విషయంలో ఇదే వాదన చేశాడు. ఆనాటి శాస్త్రలోకం వీటిని తోసిపుచ్చింది. 1967లో లిన్ మార్గులిస్ కొత్త ఆధారాలతో ఈ ఆలోచనను పునరుద్ధరించింది. ఆమె వ్యాసాన్ని అచ్చుకు ముందు పలు పత్రికలు తిరస్కరించాయి.

ఈ సిద్ధాంతం ప్రకారం 150 కోట్ల సంవత్సరాలకు పూర్వమే ఆర్కియా వర్గానికి చెందిన ఒక కణంలోనికి ఒక బాక్టీరియా చేరి, జీర్ణం కాకుండా నిలిచిపోయింది. తరతరాలుగా రెండూ ఒకదానిపై ఒకటి ఆధారపడి విడదీయరాని ఒకే జీవిగా మారాయి. దీనికి ముఖ్యమైన ఆధారాలు ఇవి:

* మైటోకాండ్రియా కొత్తగా శూన్యం నుండి తయారుకావు. ఉన్నవే విభజన చెంది కొత్తవి ఏర్పడతాయి.
* వీటికి సొంత డీఎన్ఏ ఉంది. మనిషిలో ఇది చాలా బాక్టీరియాలలో వలె వలయాకారంలో ఉంటుంది.
* వీటి రైబోసోములు కణద్రవ్యంలోని 80ఎస్ రైబోసోముల కంటె బాక్టీరియా రైబోసోములకు దగ్గర బంధువులు.
* వెలుపలి త్వచంలో గ్రామ్ నెగెటివ్ బాక్టీరియాలలో వలె పీపా ఆకారపు ప్రోటీన్లు, లోపలి త్వచంలో బాక్టీరియా త్వచాలలో కనిపించే కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థం ఉన్నాయి.
* జన్యుక్రమాలను పోల్చినప్పుడు మైటోకాండ్రియా జన్యువులు ఆల్ఫాప్రోటియోబాక్టీరియా సమూహానికి దగ్గరగా నిలుస్తాయి. పేల ద్వారా టైఫస్ జ్వరాన్ని వ్యాపింపజేసే రికెట్సియా కూడా ఈ సమూహంలోనిదే.

వెలుపలి త్వచం ఆతిథేయ కణానిదని, లోపలి త్వచం బాక్టీరియాదని కొన్ని పుస్తకాలు చెబుతాయి. గ్రామ్ నెగెటివ్ బాక్టీరియాకు స్వతహాగా రెండు త్వచాలు ఉంటాయి కనుక, మైటోకాండ్రియా రెండు త్వచాలూ బాక్టీరియా నుండే వచ్చాయన్నది నేడు ఎక్కువమంది అభిప్రాయం.

ఆతిథేయ కణం ఎటువంటిదన్న ప్రశ్నకు 2015లో ఒక ఆధారం లభించింది. ఆర్కిటిక్ సముద్రపు అడుగు మట్టిలోని డీఎన్ఏ నుండి లోకియార్కియా అనే జీవుల జాడ తెలిసింది. నిజకేంద్రక కణాలలో మాత్రమే ఉంటాయనుకున్న కొన్ని జన్యువులు వీటిలో ఉన్నాయి. ఇటువంటి కలయిక గతానికే పరిమితం కాదు. ఒక సముద్ర శైవలంలో నివసించే నత్రజని స్థాపక బాక్టీరియా క్రమంగా కణాంగంగా మారిందని 2024లో పరిశోధకులు ప్రకటించి, దానికి నైట్రోప్లాస్ట్ అని పేరుపెట్టారు.

సొంత డీఎన్ఏ

మైటోకాండ్రియాలో డీఎన్ఏ ఉన్నదని 1963లో మార్గిట్ నాస్, సిల్వన్ నాస్ చూపించారు. మనిషి మైటోకాండ్రియా డీఎన్ఏ పూర్తి క్రమం 1981లో ప్రచురితమైంది. దానిలో 16,569 క్షారజంటలు, 37 జన్యువులు ఉన్నాయి. వీటిలో 13 జన్యువులు ప్రోటీన్లకు, 22 రవాణా ఆర్ఎన్ఏలకు, 2 రైబోసోము ఆర్ఎన్ఏలకు సంబంధించినవి. మైటోకాండ్రియాకు వెయ్యికి పైగా ప్రోటీన్లు కావాలి. మిగిలినవన్నీ కేంద్రకంలోని జన్యువుల ఆదేశాల మేరకు కణద్రవ్యంలో తయారై లోపలికి చేరతాయి. పూర్వపు బాక్టీరియా జన్యువులలో కొన్ని కేంద్రకానికి తరలిపోగా, అనేకం నశించాయి. కనుక మైటోకాండ్రియా ఇప్పుడు కణం వెలుపల స్వతంత్రంగా జీవించలేవు.

యాంటీబయాటిక్ మందులతో సంబంధం

అనేక యాంటీబయాటిక్ మందులు బాక్టీరియా రైబోసోములను అడ్డగించి, కణద్రవ్యంలోని మానవ రైబోసోములను విడిచిపెడతాయి. రోగికి హాని కలుగకుండా రోగకారక బాక్టీరియా నశించడానికి ఈ తేడాయే ఆధారం. అయితే మైటోకాండ్రియా రైబోసోములు బాక్టీరియా వారసత్వం కలవి కనుక కొన్ని మందులు వాటిని కూడా తాకుతాయి. క్లోరాంఫెనికాల్ వలన ఎముకమజ్జలో రక్తకణాల తయారీ మందగించడం, లినెజోలిడ్‌ను ఎక్కువ కాలం వాడినప్పుడు రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరగడం, చూపు దెబ్బతినడం ఇందుకు ఉదాహరణలు.

స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి అమైనోగ్లైకోసైడు మందులు అధిక మోతాదులో ఎవరికైనా వినికిడిని దెబ్బతీయవచ్చు. కాని మైటోకాండ్రియా డీఎన్ఏలో 1555వ స్థానంలో 'ఎ' బదులు 'జి' ఉన్నవారిలో సాధారణ మోతాదు కూడా శాశ్వత చెవుడుకు దారితీయగలదు. ఈ సంబంధం 1993లో వెల్లడైంది. ఆ ఒక్క మార్పు వలన వారి మైటోకాండ్రియా రైబోసోము నిర్మాణం బాక్టీరియా రైబోసోమును మరింతగా పోలి ఉంటుంది. మందు రెండింటి మధ్య తేడా గుర్తించలేదు. నవజాత శిశువులలో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లకు జెంటామైసిన్ ప్రాణరక్షక ఔషధం. చికిత్సను ఆలస్యం చేయకుండా ఈ మార్పును అరగంట లోపల గుర్తించే పరీక్షను ఇంగ్లాండులోని నవజాత శిశువుల విభాగాలలో వాడి చూసిన ఫలితాలు 2022లో ప్రచురితమయ్యాయి.

తల్లి నుండి వారసత్వం, వ్యాధులు

ఫలదీకరణ సమయంలో శుక్రకణం నుండి అండంలోనికి వచ్చిన కొద్దిపాటి మైటోకాండ్రియా నశింపజేయబడతాయి. కనుక బిడ్డకు మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుండి మాత్రమే సంక్రమిస్తుంది. పైన చెప్పిన 1555 మార్పు ఒక స్త్రీలో ఉంటే ఆమె తోబుట్టువులకు, ఆమె పిల్లలకు, ఆమె అక్కచెల్లెళ్ల పిల్లలకు ఉండే అవకాశం ఉంది. వారి మేనమామకు కూడా అది ఉంటుంది, కాని మేనమామ పిల్లలకు అతని నుండి రాదు. అందువలన కుటుంబంలో ఎవరికైనా ఇంజెక్షన్ల తరువాత వినికిడి పోయి ఉంటే, తల్లి వైపు బంధువులు ఆ విషయాన్ని వైద్యునికి ముందుగా తెలపడం అవసరం.

మైటోకాండ్రియా లోపాలు శక్తి ఎక్కువగా అవసరమయ్యే మెదడు, గుండె, కండరాలు, కళ్లలో ముందుగా బయటపడతాయి. యువకులలో హఠాత్తుగా చూపు తగ్గించే లెబర్ వంశపారంపర్య నేత్రనాడి వ్యాధికి మైటోకాండ్రియా డీఎన్ఏ మార్పు కారణమని 1988లో డగ్లస్ వాలెస్ బృందం కనుగొన్నది. మైటోకాండ్రియా వ్యాధులన్నీ తల్లి నుండే రావు. అనేకం కేంద్రక జన్యువుల లోపాల వలన తల్లిదండ్రులిద్దరి నుండి సంక్రమిస్తాయి.

తల్లి కేంద్రకాన్ని, ఆరోగ్యకరమైన మైటోకాండ్రియా గల దాత అండాన్ని ఉపయోగించే చికిత్సను 2015లో బ్రిటన్ చట్టబద్ధం చేసింది. ఈ పద్ధతిలో అక్కడ ఎనిమిది మంది శిశువులు జన్మించినట్లు 2025లో ప్రచురితమైంది.

తల్లి వరుసలోనే వచ్చే ఈ డీఎన్ఏ ప్రాచీన వలసల అధ్యయనానికి కూడా ఉపకరిస్తుంది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు 2005లో అండమాన్ ఆదివాసుల మైటోకాండ్రియా డీఎన్ఏను పరిశీలించి, వారు ఆఫ్రికా నుండి జరిగిన తొలి వలసల సంతతివారని ప్రతిపాదించారు.

తరచుగా జరిగే పొరపాట్లు

* మొక్కలకు హరితరేణువులు ఉన్నందున మైటోకాండ్రియా అవసరం లేదనుకోవడం సరికాదు. మొక్కల కణాలలో రెండూ ఉంటాయి. రాత్రివేళ, వేళ్లలోను శక్తి సరఫరా మైటోకాండ్రియా ద్వారానే జరుగుతుంది.
* మైటోకాండ్రియా లేనందున బాక్టీరియాలు ఆక్సిజన్‌తో శ్వాసించలేవనడం తప్పు. అనేక బాక్టీరియాలలో ఎలక్ట్రాన్ రవాణా వ్యవస్థ వాటి కణత్వచంలోనే ఉంటుంది.
* మనిషి కణాలన్నింటిలో మైటోకాండ్రియా ఉండవు. పరిణత ఎర్ర రక్తకణాలలో ఇవి లేవు. ఆ కణాలు తాము మోసుకుపోయే ఆక్సిజన్‌ను ఖర్చుచేయక, గ్లైకాలసిస్‌తోనే జీవిస్తాయి.
* నిజకేంద్రక జీవులన్నింటికీ మైటోకాండ్రియా ఉండవు. చించిల్లా అనే జంతువు పేగులో నివసించే మోనోసెర్కోమోనాయిడిస్ అనే ఏకకణజీవిలో వీటి అవశేషం కూడా లేదని 2016లో తెలిసింది. దాని పూర్వీకులకు మైటోకాండ్రియా ఉండి, తరువాత పోయాయని భావిస్తున్నారు.