ఆసుపత్రికి దూరమెంత?

చెన్నపురికి వైద్యశాలల కొఱత లేదు. దేశాంతరముల రోగులు సయితము ఇచ్చటికి వచ్చి స్వస్థులై పోవుచున్నారు. అయినను ఆసుపత్రులు ఎన్ని గలవను ప్రశ్నకంటె ఎచ్చట గలవను ప్రశ్నయే ముఖ్యమని మా యభిప్రాయము.

జనరలు ఆసుపత్రి 1664లో కోటయందు సిపాయిలకొఱకు పుట్టి, పిమ్మట నేటి సెంట్రలు స్టేషను ఎదుటి స్థలమునకు వచ్చినది. కంటి ఆసుపత్రి 1819లోను, ప్రసూతి ఆసుపత్రి 1844లోను, రాయపేట ఆసుపత్రి 1911లోను వెలసినవి. అప్పటి పట్టణము చిన్నది. కావున ఇవి ప్రజల చెంతనే యుండెడివి. 2011లో కార్పొరేషను వైశాల్యము 174 నుండి 426 చదరపు కిలోమీటర్లకు పెరిగినది. పెద్దాసుపత్రులు మాత్రము చాలవఱకు పాత పట్టణముననే నిలిచినవి. 2023లో గిండీయందు వేయిపడకల ఆసుపత్రి తెఱువబడుట దక్షిణ భాగమునకు కొంత యూరట.

ఈ దూరము అందఱికి నొక్కటి కాదు. కూవము గట్లనుండి లేపబడిన పేదలు పెక్కుమంది కణ్ణగినగరు, పెరుంబాక్కములకు తరలింపబడిరి. ఒకప్పుడు పెద్దాసుపత్రికి నడచిపోగలిగినవారికి నేడది యిరువది కిలోమీటర్ల ప్రయాణము. ఇల్లు దొరకినది, వైద్యము దూరమైనది. తరతరములుగా ఈ నగర పారిశుద్ధ్యమునకు పాటుపడుచున్న తెలుగువారిలోని పేదలకును ఈ కష్టము తప్పదు.

2008లో ఆరంభమైన 108 బండి ప్రాణాపాయ సమయమున ఆదుకొనుచున్నది, సందేహము లేదు. మెదడునకు రక్తము ఆగిన రోగికి గడ్డను కరగించు మందు నాలుగున్నర గంటలలోపల పడవలయును గదా! కాని మూత్రపిండములు చెడినవాడు వారమునకు రెండు మూడు మారులు రక్తశుద్ధికి పోవలయును. మఱి యాతనికి బండి యేది? ప్రభుత్వ బీమా చికిత్సవ్యయమును భరించును. పోయిన కూలిని, తోడువచ్చినవాని కూలిని భరింపదు. చూచుచుండగనే రోగి రాకపోకలు మానును, రోగము ముదురును.

కావున పేదలను తరలించుటకు ముందే క్రొత్తచోట ప్రసూతి, రక్తశుద్ధి, అత్యవసర చికిత్సల కేర్పాటు కావలయునని మేము కోరుచున్నాము. ప్రాథమిక కేంద్రములు కూలివారు పనినుండి తిరిగివచ్చు వేళ తెఱచియుండవలయును; అచ్చటనుండి పెద్దాసుపత్రికి నేరుగ బస్సు నడువవలయును.

మన వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు ఈ విషయమున ఉపేక్ష వహింపరాదు. తమకు కారున్నది గదా యని యూరకుండుట మర్యాద కాదు. తమ యింట వంటచేయు నామె యెచ్చటనుండి వచ్చుచున్నదో, జబ్బుపడిన ఎచ్చటికి పోవుచున్నదో యొకమారు అడిగి చూడుడు. కార్పొరేషనునకు వ్రాయవలసిన అర్జీ ఆ యుత్తరమునందే దొరకును.