పల్నాటి ఎండలో పొరల తాండ్ర

పల్నాటి వేసవిని గురించి మంచిమాట చెప్పువారు అరుదు. రాష్ట్రములో అధిక ఉష్ణోగ్రతలు నమోదగు చోట్లలో రెంటచింతల పేరు ప్రతి యేటా వినబడుచుండును. రోహిణి కార్తెలో రోళ్లు పగులునను మాట మాచర్ల, గురజాల ప్రాంతముల వారికి సామెత కాదు, అనుభవము. పగలు పదకొండు గంటలు దాటిన పిమ్మట పొలమునకు పోవువారుండరు. పశువులు చెట్టు నీడను వదలవు. అయితే ఈ ఎండకు ఖర్చు లేదు. కట్టెలు, గ్యాసు, కరెంటు ఏమియు అక్కరలేకుండ నెల దినములపాటు ఒకే తీరున మండు పొయ్యి యిది. మిరపకాయలను కళ్ళములపై ఎండబెట్టుటకు దీనిని మన రైతులు తరతరములుగా వాడుకొనుచున్నారు. మామిడిపండు విషయములో మాత్రము అంత శ్రద్ధ కనబడదు.

వైశాఖ, జ్యేష్ఠ మాసములు పెండ్లిండ్ల కాలము. ఆ నడుమనే ఏరువాక పున్నమి వచ్చును. ఎడ్లకు కొమ్ములు కడిగి రంగులు పూసి, పొంగలి పెట్టి, నాగలిని పూజించు ఆ పండుగనాడు ఇప్పుడు ట్రాక్టర్లకు కూడ బొట్టు పెట్టుచున్నారు. ఇట్టి వేడుకలకు నరసరావుపేట బేకరీ నుండి కేకు తెప్పించుట పల్లెలలో కూడ అలవాటైనది. తెప్పించినవారికి తెలియును, మే నెల మధ్యాహ్నము ఆ కేకుపై వెన్న పూత గంటసేపు నిలువదు. పొరలు పొరలుగా కోసి పంచుటకు వీలై, ఎండకు కరగక, నెలల తరబడి నిలువయుండు పండ్ల మిఠాయి మనకు ముందే యున్నది. అదే మామిడి తాండ్ర.

తాండ్రకు పేరుపొందిన ఊళ్ళు వేరు. గోదావరి తీరమున ఆత్రేయపురము పూతరేకులతో పాటు తాండ్రకు కూడ ప్రసిద్ధి. విజయనగరం జిల్లాలో భీమాలి గ్రామము తాండ్ర పేరుతోనే తెలిసినది. అక్కడివారు రసము తీసి, చక్కెర గాని బెల్లము గాని కలిపి, చాపలపై పలుచగా పోసి, ఆరిన పొరపై మరియొక పొర పోయుచు దళసరి చేయుదురు. పల్నాటిలో మామిడి ప్రధానమైన పంట కాదు. మిరప, ప్రత్తి, సాగరు కుడి కాలువ క్రింద వరి, ఇవి మన పంటలు. కాని గట్లమీద, దొడ్లలో చెట్లున్నవి, చిన్న తోటలును ఉన్నవి. నూజివీడు వైపు రసాలు సీజనులో ప్రతి సంతకు వచ్చుచున్నవి. మే నెల గాలిదుమారమునకు ఒక్క రాత్రిలో రాలిన కాయలు, ధర పడిపోయిన నాటి పండ్లు ఎవరికిని అక్కరకు రాక పెంటకుప్పల పాలగుచున్నవి. కావలసినవి పండు, ఎండ, పళ్ళెము మాత్రమే.

ఎండ ఎక్కువైనను చిక్కే

కోస్తా గాలిలో తేమ యుండును గనుక అక్కడ పొర నెమ్మదిగా ఆరును. పల్నాటి గాలి పొడిగాలి. ఇది మంచిదే యని తోచును గాని, తాండ్ర విషయములో మన ప్రాంతమున జరుగు పొరపాటు చాలవరకు ఇక్కడనే పుట్టుచున్నది. వేడి గాలి తగిలినప్పుడు రసము పైభాగమున నీరు త్వరగా పోయి, అచ్చటి చక్కెర చిక్కబడి ఒక తోలువలె గట్టిపడును. ఆ తోలు క్రింది నీటిని బయటకు రానీయదు. మధ్యాహ్నము రెండు గంటలకు వ్రేలితో తాకి చూచిన ఇల్లాలు ఆరినదనుకొని రెండవ పొర పోయును. క్రింది తడి రెండు పొరల నడుమ బందీయగును. పదిహేను దినములైన పిమ్మట, పెండ్లినాటికి కోయగా, పైన బంగారు రంగుతో నున్న తాండ్ర నడుమ పులిసిన వాసన, తెల్లని బూజు బయటపడును.

మిరప రైతునకు ఇది క్రొత్త సంగతి కాదు. పైకి గలగలలాడుచున్న కాయ తొడిమవద్ద తడిగా నుండి బస్తాలో బూజు పట్టుట అతడెరుగును. తాండ్రయు అంతే. ఒక పొరలోని తడి మొత్తము పళ్ళెమునకు చేటు. బూజు పట్టిన భాగమును కోసి పారవేసి తక్కినది అతిథులకు పెట్టరాదు. బూజు కంటికి కనబడినంత మేరకే యుండదు, దాని విషము లోనికి దిగును. పిల్లలు తిను వస్తువు గనుక మొత్తము పారవేయుటయే మంచిది.

కనుక మన ప్రాంతమున పొర పలుచగా నుండవలెను. పోసినప్పుడు 3 మిల్లీమీటర్లకు మించరాదు. ఉదయము ఏడు గంటలకే పోసినచో లేత ఎండలో నీరు నెమ్మదిగా పోవుట మొదలగును. పదకొండు మొదలు మూడు గంటల వరకు పళ్ళెమునకు పైగా, తగలకుండ, పలుచని తెల్లగుడ్డ కట్టవలెను. ఈ గుడ్డ ఈగలను, దుమ్మును ఆపును. అంతకంటె ముఖ్యముగా ఎండ తీవ్రతను తగ్గించును. మామిడికి పసుపు రంగునిచ్చు పదార్థమే మన శరీరములో ఎ విటమినుగా మారును. నేరుగా తగులు ఎండలో అది నశించి తాండ్ర నల్లబడును. నల్లని తాండ్రయే అసలైనదను వాదము కొందరిలో కలదు. బెల్లము వేసినది ముదురు రంగుగా నుండుట సహజమే గాని, చక్కెర వేసినది నల్లబడినచో ఎండకు మాడినదని తెలిసికొనవలెను.

పండు

పీచు తక్కువయై రసము ఎక్కువగల పండు కావలెను. చిన్నరసము, పెద్దరసము, సువర్ణరేఖ పనికివచ్చును. కలెక్టరు మామిడి గుజ్జు ఎక్కువనిచ్చును గాని సువాసన తక్కువ. రసాలతో సగము సగము కలుపుకొనవచ్చును. పీచున్న రసమును పలుచని గుడ్డలో గాని జల్లెడలో గాని వడియగట్టవలెను.

కార్బైడుతో మాగించిన పండు వాడరాదు. దానిని చట్టము నిషేధించినది. ఆ పొడి నుండి వచ్చు వాయువులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సంబంధమైన విషపదార్థములు కొద్దిగా కలిసియుండును. ఆరోగ్యము మాట అటుంచినను, అట్టి పండు పైకి పసుపెక్కి లోన పులుపు విడువదు, తాండ్రకు తీపి చాలదు. గాలికి రాలిన కాయలలో ముదిరినవానిని ఏరి, దెబ్బతగిలిన చోటు కోసివేసి, వరిగడ్డిలో నాలుగైదు దినములు మాగవేయవలెను. పగిలి క్రుళ్ళు ప్రారంభమైనవానిని కలుపరాదు. ముదరని పిందెలు పచ్చళ్ళకే గాని తాండ్రకు రావు.

రసము కాచుట

ఆత్రేయపురము పాత పద్ధతిలో రసమును కాచరు. ఇంటి అవసరమునకు, నిలువ కొరకు, ఒకమారు వేడిచేయుట క్షేమము. కిలో రసమునకు 100 గ్రాముల చక్కెర కలిపి, స్టీలు గిన్నెలో సన్నని సెగపై కలియబెట్టుచు, ఆవిరి బాగుగా లేచి అంచున చిన్న బుడగలు కనబడగానే దింపవలెను. తెర్లనీయరాదు. ఈ వేడికి పులియజేయు సూక్ష్మజీవులు నశించును, రంగు చెడగొట్టు గుణము కూడ తగ్గును. పండు పులుపైనచో చక్కెర 150 గ్రాముల వరకు వేయవచ్చును. ఇనుప మూకుడు రసమును నల్లబరచును. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు అసలే పనికిరావు.

బెల్లము రుచి వేరు, కాదనలేము. కాని బెల్లము గాలిలోని తేమను పీల్చుకొనును. తొలకరి పడగానే బెల్లపు తాండ్ర జిగురెక్కును. పెండ్లికి నెలలోపల తినివేయుటకు బెల్లము, శ్రావణము వరకు దాచుటకు చక్కెర వాడవలెనని నా సలహా.

రోజుకు మూడు పండ్లు

వేడుకకు ఒక పళ్ళెము చేయదలచినవారు లెక్క ముందుగా చూచుకొనవలెను. పది కిలోల రసాల నుండి తొక్క, టెంక పోగా అయిదు, ఆరు కిలోల రసము వచ్చును. అది ఆరి సుమారు ఒకటిన్నర నుండి రెండు కిలోల తాండ్ర యగును. అనగా కిలో తాండ్రకు అయిదారు కిలోల పండ్లు కావలెను. బజారులో ఈ లెక్కకు అందనంత చౌకగా తాండ్ర దొరికినచో అందులో మామిడి ఎంత, రంగు ఎంత అని కొనువారే ఆలోచించుకొనవలెను.

30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవుగల అంచు పళ్ళెములో ఆ పది కిలోల పండ్ల రసము పదునారు పొరలగును. ఆరిన పిమ్మట వ్రేలి మందము వచ్చును. పదునారు పొరలకు పదునారు దినములు. ఈ రసమంతయు ఒకేనాడు తీసి ఉంచుకొనరాదు, పులిసిపోవును. ప్రతి ఉదయము మూడు పండ్ల రసము చాలును. పండ్లు మాగినకొద్ది వాడుకొనుటకు ఇంటిలో ఇది సులువైన పని. ఇంటి చెట్టున్నవారికి మరియు వీలు.

పళ్ళెమునకు మొదటినాడు కొద్దిగా నెయ్యి రాయవలెను. ఎక్కువైన నెయ్యి ముక్కవాసన వేయును. క్రొత్త తాటాకు చాప గాని ఈతాకు చాప గాని వాడువారు దానిని వేడినీట కడిగి రెండు దినములు ఎండబెట్టవలెను. చాప గుండ తడి క్రిందికి కూడ పోవును గనుక పొర త్వరగా ఆరును. పళ్ళెములో పైవైపే ఆరును గనుక నాలుగు పొరలకు ఒకమారు అట్టను లేపి తిరుగవేయవలెను.

పళ్ళెమును నేలమీద పెట్టరాదు. నులక మంచముపై పెట్టినచో క్రింద గాలి ఆడును. మంచపు కోళ్ళ క్రింద నీటి గిన్నెలుంచినచో చీమలు ఎక్కవు. మిరప కళ్ళములో పరచిన పట్టాలను తాండ్రకు వాడుట చూచుచున్నాము. అది ఎంతమాత్రము కూడదు. ఘాటు సంగతి అటుంచి, పైరుపై చల్లిన మందుల అవశేషము పట్టాకు అంటియుండును. పిడుగురాళ్ళ వైపు సున్నపు బట్టీల దాపున, లారీలు తిరుగు రోడ్ల ప్రక్కన ఆరబెట్టువారు మేడపైకి మార్చుకొనవలెను. సూర్యాస్తమయమునకు ముందే పళ్ళెమును లోనికి తేవలెను. సాయంకాలపు గాలిదుమారము చెప్పి రాదు.

తరువాతి పొర పోయుటకు ముందు వ్రేలితో తాకి చూచుట చాలదు. పొర నడుమ, అంచున కాదు, గోటితో కొద్దిగా గీచి చూడవలెను. లోన జిగురు తడి వ్రేలికి అంటినచో ఆనాడు పోయక మరునాటి వరకు ఆగవలెను. ఒక దినము ఆలస్యమైనను తాండ్ర చెడదు.

పండ్లు ఒకేసారి మీదపడినప్పుడు పై పద్ధతి సాగదు. గాలివానకు నాలుగైదు బుట్టలు రాలినవారు ఉన్న పళ్ళెములు, చాపలు అన్నిటిపై ఒక్కొక్క పొర పోసి, రెండు దినములలో ఆకులవలె ఆరబెట్టి లేపవలెను. ఆ ఆకులను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ పలుచగా కాచిన రసము పూసి, బరువుంచి అదిమి, మరి రెండు దినములు ఎండనిచ్చినచో అతుకుకొనును. పొరలంత ఏకముగా నుండవు గాని పండు మాత్రము దక్కును.

చివరి పరీక్ష

అన్ని పొరలు ముగిసిన పిమ్మట మూడు దినములు గుడ్డక్రింద ఉంచి, ఒక చిన్న ముక్క కోసి శుభ్రమైన గాజుసీసాలో వేసి, మూత బిగించి, గంటసేపు ఎండలో పెట్టవలెను. సీసా లోపలివైపు ఆవిరి పట్టినచో లోన తడి యున్నదని అర్థము. మరల ఎండబెట్టవలెను. ఆవిరి పట్టక, ముక్కను వంచినప్పుడు విరుగక, వ్రేలికి అంటకయున్నచో సిద్ధమైనది.

ఇంటి వాడుకకు నిలువమందులు అక్కరలేదు. అమ్మదలచినవారు, ముఖ్యముగా మహిళా సంఘములవారు, 2006 ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు చేయించుకొని, చేసిన తేదీ, కలిపిన వస్తువులు పొట్లముపై వ్రాయవలెను. గంధకపు మందు కలిపినచో ఆ సంగతి తప్పక వ్రాయవలెను. ఉబ్బసముగలవారిలో కొందరికి అది పడదు. గ్రామ వ్యవసాయ సహాయకులు, ఉద్యాన సహాయకులు సీజనుకు ముందే ఈ వివరములు సంఘములకు తెలుపుట బాగుండును. రాలిన తరువాత చెప్పిన ఉపయోగము తక్కువ. మధుమేహముగలవారు తాండ్రను పండుగా నెంచి తినరాదు. అరచేతి ముక్కలో అరకిలో పండ్ల తీపి యుండును.

కృత్తిక కార్తె ప్రవేశించగానే, అనగా మే 11 ప్రాంతమున, మొదటి పొర పోసినవారికి నెలాఖరునకు తాండ్ర చేతికి వచ్చును. మృగశిర తేమ రాకమునుపే నూనె కాగితము చుట్టి, గాలి చొరని డబ్బాలో ఉంచి, పదిహేను దినములకొకమారు తీసి చూచుచుండవలెను. పండుగనాడు కోయునప్పుడు కత్తిని వేడినీట ముంచి తుడిచి, పైనుండి క్రిందికి ఒకే ఊపున కోసినచో పదునారు పొరలును విడివిడిగా కనబడును. రంపమువలె ఆడించి కోసినచో పొరలు ఒకదానిలోనొకటి కలిసిపోవును.